ఎర్రటి మూలలోని సంఖ్య

సంపాదకులకు నమస్కారాలు.

కంప్యూటర్ అనుకరణల గురించి మీ పత్రిక విజ్ఞాన పుటలో ఇటీవల వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. పాక్షిక అవకలన సమీకరణాలను (వేడి, ప్రవాహం, వంపు వంటివి చోటును బట్టి ఎలా మారతాయో చెప్పే సమీకరణాలను) సంఖ్యాత్మకంగా సాధించే సాఫ్ట్‌వేర్ లైబ్రరీల (ఎవరైనా తమ ప్రోగ్రాములో వాడుకోగల సిద్ధమైన కోడ్ సంపుటాల) ప్రస్తావన తెలుగు పత్రికల్లో రావడమే అరుదు కాబట్టి, ఆ విషయాన్ని ఎంచుకున్న వ్యాసకర్తను ముందుగా అభినందిస్తున్నాను. అయితే వ్యాసంతోపాటు వేసిన బొమ్మ, దాని కింద రాసిన వాక్యం నా చేత ఈ ఉత్తరం రాయించాయి. ఎల్ ఆకారంలో ఉన్న ఒక లోహపు బ్రాకెట్‌కు బరువు తగిలించినప్పుడు దానిలో పుట్టే ప్రతిబలాన్ని (లోహం లోపల యూనిట్ వైశాల్యం మీద పనిచేసే బలాన్ని) ఆ బొమ్మ రంగుల్లో చూపింది. లోపలి మూల ముదురు ఎరుపులో ఉంది. గరిష్ఠ ప్రతిబలం ఇంత అని దశాంశ స్థానాలతో సహా ఒక సంఖ్య ముద్రించారు. సమీకరణాన్నీ సరిహద్దు నియమాలనూ (అంచుల దగ్గర ఏం జరుగుతుందో చెప్పే షరతులనూ) అందిస్తే లైబ్రరీ కచ్చితమైన జవాబు చెబుతుందన్నది ఆ వాక్యం సారాంశం. ఆ సంఖ్య తప్పని నేను అనడం లేదు. తప్పో ఒప్పో తేల్చడానికే వీలులేని సంఖ్య అది, నా అభ్యంతరమల్లా అదే.

బొమ్మలోని లోపలి మూల ఏమాత్రం గుండ్రదనం లేకుండా పదునుగా ఉంది. లోహం ఉన్న వైపు నుంచి కొలిస్తే అక్కడి కోణం 270 డిగ్రీలు. బలానికి అనులోమంగా వస్తువు వంగుతుందనుకునే రేఖీయ స్థితిస్థాపకత సమీకరణాల ప్రకారం అలాంటి మూలలో ప్రతిబలానికి గరిష్ఠ విలువ అంటూ ఏదీ లేదు. మూలకు చేరువయ్యేకొద్దీ అది హద్దు లేకుండా పెరుగుతూనే ఉంటుంది. ఇది కొత్తగా కనుక్కున్న సంగతి కాదు. ఇలాంటి మూలల దగ్గర ప్రతిబలం ఏ రీతిలో పెరుగుతుందో 1952లోనే విలియమ్స్ అనే శాస్త్రవేత్త విశ్లేషించి చూపారు. మూలను ఆనుకున్న రెండు అంచుల మీద బయటి బలమేదీ లేకపోతే, 270 డిగ్రీల కోణానికి ఆ పెరుగుదల ఎంత వడిగా ఉంటుందంటే, మూల నుంచి దూరం సగమైన ప్రతిసారీ ప్రతిబలం సుమారు 1.37 రెట్లు అవుతుంది. లైబ్రరీ మాత్రం మూలకు ఎంత దగ్గరగా చూడగలదు? మెష్‌లో (లెక్క కోసం ఆకారాన్ని ముక్కలుగా విడగొట్టిన వలలో) ఆ చోట ఉన్న ఎలిమెంట్ (ముక్క) ఎంత చిన్నదైతే అంత దగ్గరగా. కాబట్టి వ్యాసకర్త మెష్‌ను రెట్టింపు సన్నగా చేసి అదే ప్రోగ్రామును మళ్ళీ నడిపి ఉంటే, పత్రికలో వచ్చిన సంఖ్య దాదాపు 37 శాతం పెరిగి ఉండేది. ఇంకోసారి చేస్తే మొదటిదానికి 1.9 రెట్లకు దగ్గరగా, మూడోసారికి 2.6 రెట్లకు దగ్గరగా వచ్చేది. ఎన్నిసార్లు చేసినా అది ఒక విలువ దగ్గర నిలవదు. ఆ సంఖ్య మనకు తెలియజేసేది లోహం బలాన్ని కాదు, వ్యాసకర్త ఎంచుకున్న ఎలిమెంట్ పరిమాణాన్ని.

అదే బొమ్మ కింద బ్రాకెట్ కొస ఎంత వంగిందో చెప్పే సంఖ్యను వేసి ఉంటే నేను కలం పట్టేవాణ్ణి కాదు. మెష్‌ను సన్నగా చేసేకొద్దీ ఆ విలువ ఒకచోట స్థిరపడుతుంది. మూల వల్ల కొంత నెమ్మదిగా అయినా, స్థిరపడటం మాత్రం ఖాయం. నిజమైన బ్రాకెట్లలో ఉన్నట్లు మూలను గుండ్రంగా గీసి ఉంటే ప్రతిబలం కూడా స్థిరపడేది. లైబ్రరీ ఒక్కటే, సమీకరణం ఒక్కటే, ఒకే పరుగులో వచ్చిన రెండు సంఖ్యలు. వాటిలో ఒకటి నమ్మదగినది, రెండోది అర్థం లేనిది. రెండూ ఒకే రకం అక్షరాల్లో, అన్నే దశాంశ స్థానాలతో తెర మీదికి వస్తాయి.

ఇలా ఎందుకు జరుగుతుందో తెలియాలంటే లైబ్రరీ చేసే పని గురించి రెండు మాటలు చెప్పుకోవాలి. అది మనమిచ్చిన సమీకరణాన్ని సాధించదు. సమీకరణం ప్రతి బిందువు దగ్గరా వర్తిస్తుంది, బిందువులేమో అనంతం. కంప్యూటర్‌కు అనంతం పనికిరాదు. అందువల్ల లైబ్రరీ ఆ ఆకారాన్ని త్రిభుజాలుగానో చిన్న చిన్న దిమ్మలుగానో విడగొట్టి, ఒక్కొక్క ముక్కలో జవాబు సరళంగా మారుతుందని అనుకుని, అసలు సమస్యకు బదులు పరిమితమైన మరో సమస్యను నిర్మించి దాన్ని సాధిస్తుంది. త్రిభుజాలతో ఈ పని చేయవచ్చన్న ఆలోచనను గణితజ్ఞుడు రిచర్డ్ కూరాంట్ 1943లో ప్రచురించారు. ఈ పద్ధతికి ఫైనైట్ ఎలిమెంట్ అనే పేరును ఇంజనీరు రే క్లఫ్ 1960లో పెట్టారు. అసలు సమస్యకూ దాని స్థానంలో నిలబెట్టిన సమస్యకూ మధ్య ఉన్న తేడాను కొలిచే బాధ్యత మాత్రం అప్పుడూ ఇప్పుడూ లెక్క చేసేవారిదే.

స్థానంలో నిలబెట్టిన సమస్య కూడా చిన్నదేమీ కాదు. ఒక ఘనాన్ని ఒక్కో దిశలో 100 బిందువులతో నింపితే మొత్తం 10 లక్షల తెలియని రాశులు, వాటికి 10 లక్షల సమీకరణాలు ఏర్పడతాయి. ఆ సమీకరణాల గుణకాల పట్టికను, అంటే మాత్రికను, పూర్తిగా రాయబోతే లక్ష కోట్ల గళ్ళు కావాలి. గడికి 8 బైట్ల చొప్పున 8 టెరాబైట్లు. అదృష్టవశాత్తు, ఉష్ణ ప్రసారం వంటి సమస్యను తీసుకుని సాధారణ పరిమిత భేదాల పద్ధతిలో (పక్కపక్క బిందువుల విలువల తేడాలతో లెక్కించే పద్ధతిలో) రాస్తే, ప్రతి బిందువుకూ తనతోనూ పక్కనున్న ఆరు బిందువులతోనూ తప్ప సంబంధం ఉండదు. వరుసకు ఏడు గళ్ళు పోను మిగిలినవన్నీ సున్నాలే. సున్నాలను వదిలేస్తే సంఖ్యలన్నీ 60 మెగాబైట్లలోపే సరిపోతాయి. అయినా పాఠశాలలో నేర్చుకున్న తొలగింపు పద్ధతిని నేరుగా ప్రయోగిస్తే, లెక్క సాగేకొద్దీ సున్నాలున్న చోట్లు సున్నా కాని సంఖ్యలతో నిండుతూ వచ్చి, గణనల సంఖ్య కోటి కోట్ల స్థాయికి చేరుతుంది. ముతక మెష్‌లనూ సన్న మెష్‌లనూ మార్చి మార్చి వాడే మల్టీగ్రిడ్ పద్ధతితో అయితే ఒక్కో బిందువుకు కొన్ని వందల గణనలతో పని ముగుస్తుంది. ఈ రెండింటికీ మధ్య ఉన్న అంతరాన్ని పూడ్చడంలోనే లైబ్రరీ రచయితలు దశాబ్దాలు గడిపారు. ఆ శ్రమను నేను ఏ మాత్రం తక్కువ చేయడం లేదు.

అయితే ఇంత పెద్ద సమీకరణాల గుంపును లైబ్రరీ సాధారణంగా ఒక్క దెబ్బలో సాధించదు. ఒక అంచనాతో మొదలుపెట్టి, దాన్ని మళ్ళీ మళ్ళీ సరిదిద్దుకుంటూ, ఇక చాలు అనుకున్నచోట ఆగుతుంది. ఎక్కడ చాలు అన్న ప్రశ్నకు మనం జవాబు చెప్పకపోతే లైబ్రరీ తనకు తోచిన జవాబు పెట్టుకుంటుంది. అమెరికాలోని ఆర్గాన్ జాతీయ ప్రయోగశాలలో 1991లో మొదలై, నేడు ఎన్నో ఇతర లైబ్రరీలకు పునాదిగా ఉన్న పెట్‌సీ అనే లైబ్రరీనే ఉదాహరణగా తీసుకుందాం. మనమేమీ చెప్పకపోతే, శేషం (అంచనాను సమీకరణాల్లో పెట్టి చూసినప్పుడు మిగిలే తేడా) మొదటి విలువలో లక్షో వంతుకు తగ్గగానే పెట్‌సీ ఆగిపోతుంది. లక్షో వంతు అంటే ఐదు అంకెల కచ్చితత్వమని చాలామంది అనుకుంటారు. కాదు. శేషం వేరు, దోషం (అసలు జవాబుకూ అంచనాకూ ఉన్న తేడా) వేరు. పైన చెప్పిన ఘనంలోని ఉష్ణ సమస్యకు మాత్రిక కండిషన్ సంఖ్య (శేషంతో పోలిస్తే దోషం ఎన్ని రెట్ల వరకు పెరగవచ్చో చెప్పే సంఖ్య) సుమారు 4,000. శేషం లక్షో వంతుకు తగ్గినా జవాబులో దోషం అంతకు 4,000 రెట్ల వరకు, అంటే 4 శాతం వరకు ఉండటానికి గణితం అడ్డుచెప్పదు. ప్రతిసారీ అంత ఉండదు, నిజమే. ఉండదన్న హామీ కూడా లేదు. పైగా మెష్‌ను రెట్టింపు సన్నగా చేస్తే కండిషన్ సంఖ్య నాలుగు రెట్లవుతుంది. మెష్‌ను మెరుగుపరిచి ఆగే నియమాన్ని పాతదే ఉంచితే, ఒక చేత్తో సంపాదించినది మరో చేత్తో పోగొట్టుకున్నట్లే.

ఇందులో ఒక తప్పు నేనే చేశాను కాబట్టి చెబుతున్నాను. కొన్నేళ్ళ క్రితం నేను పనిచేసిన ఒక బృందంలో, ఇక్కడ పేరు అవసరం లేని ఒక లైబ్రరీతో, ఉష్ణ ప్రసారం లెక్క ఒకటి చేస్తున్నాం. ఒక ప్రాసెసర్ మీద వచ్చిన జవాబుకూ 16 ప్రాసెసర్ల మీద వచ్చిన జవాబుకూ మూడో అంకెలో తేడా వచ్చింది. కూడికల క్రమం మారితే చివరి అంకెలు మారతాయని అందరికీ తెలుసు. కానీ పదహారు అంకెల వరకు లెక్కించే యంత్రంలో మూడో అంకె ఎందుకు మారాలి? సరిహద్దు నియమాలు చూశాం, మెష్ ఫైలు చూశాం, చివరికి కంపైలర్‌ను కూడా అనుమానించాం. రెండు వారాల తర్వాత తేలిందేమిటంటే, ప్రాసెసర్ల సంఖ్య మారితే ఆ లైబ్రరీ వాడే ప్రీకండిషనరే (లెక్క త్వరగా ముగిసేలా సమీకరణాలను ముందే సులువు చేసే భాగమే) మారుతోంది. 16 ప్రాసెసర్ల మీద సాల్వర్ (సమీకరణాలను సాధించే భాగం) అభిసరణకు, అంటే జవాబు స్థిరపడే దశకు, చేరకుండానే, అనుమతించిన ఆవృత్తుల (సవరణల) సంఖ్య అయిపోయి ఆగిపోతోంది. ఎందుకు ఆగిందో చెప్పే సంకేతం లైబ్రరీలో భద్రంగా ఉంది. దాన్ని అడిగే ఒక్క వరుస మా ప్రోగ్రాములో లేదు. లైబ్రరీ అబద్ధం చెప్పలేదు. మేం అడగలేదు, అది చెప్పలేదు. అప్పటికే ఒక నివేదికలో ఆ సంఖ్యను రాసి పంపి ఉన్నాం. దాన్ని వెనక్కి తీసుకుంటూ మరో ఉత్తరం రాయాల్సి వచ్చింది. అందులో ఏం రాయాలో తోచక పడ్డ ఇబ్బంది నాకింకా గుర్తుంది.

మా తప్పుకు మూల్యం ఒక ఉత్తరం. అందరికీ అంత చవకగా పోదు. 1991 ఆగస్టు 23న నార్వేలో స్లైప్నర్ ఎ అనే చమురు వేదిక కోసం కట్టిన భారీ కాంక్రీటు అడుగుభాగాన్ని స్టావాంగర్ సమీపంలోని ఫియోర్డ్‌లో (కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయలో) పరీక్ష కోసం నెమ్మదిగా ముంచుతుండగా, లోపలి గోడ ఒకటి పగిలి నీరు చొరబడి, మొత్తం నిర్మాణం మునిగి, అడుగున నేలను ఢీకొని ముక్కలైంది. ప్రాణనష్టం జరగలేదు కానీ నష్టం సుమారు 70 కోట్ల డాలర్లు. దర్యాప్తులో తేలిన ప్రధాన కారణం, గుండ్రటి గదుల మధ్య త్రికోణాకారంలో మిగిలే ఖాళీల చుట్టూ ఉన్న గోడల్లో షియర్ ప్రతిబలాన్ని (గోడను కోసేలా పక్కకు జరిపే ప్రతిబలాన్ని) ఫైనైట్ ఎలిమెంట్ విశ్లేషణ 47 శాతం తక్కువగా అంచనా వేయడం. ఉక్కు కడ్డీల అమరికలోని లోపం దానికి తోడైంది. అక్కడ వాడిన నాస్ట్రాన్ అనే ప్రోగ్రాము అప్పటికే ఎంతోకాలంగా వాడుకలో ఉన్నదే. దానికిచ్చిన సమీకరణాలూ సరైనవే. గోడలు కలిసే చోట ఎలిమెంట్లు మరీ పెద్దవిగా, వంకర ఆకారాల్లో ఉన్నాయి. ప్రమాదం తర్వాత జాగ్రత్తగా చేసిన విశ్లేషణ ఆ గోడ 62 మీటర్ల లోతు దగ్గర పగులుతుందని చెప్పింది. నిజంగా పగిలింది 65 మీటర్ల దగ్గర. అంటే ఆ పద్ధతికి నిజం చెప్పే శక్తి మొదటి నుంచీ ఉంది. రెండో మెష్‌తో మళ్ళీ అడిగి ఉంటే అది ముందే బయటపడేది.

ఇక్కడ కొందరు మిత్రులు తొందరపడి మరో కొసకు పోతారు: అలాగైతే ఈ లైబ్రరీలను పక్కనబెట్టి ఎవరి ప్రోగ్రాము వారే రాసుకోవాలని. నేర్చుకునే విద్యార్థి ఒక్కసారి, ఒక చిన్న సమస్యకు, అలా రాయడం మంచిదే. త్రిభుజం మీద సమాకలనం చేసి మాత్రికలో చేర్చడమంటే ఏమిటో చేతికి తెలుస్తుంది. అంతకు మించి అది సాహసమే తప్ప వివేకం కాదు. వేలమంది ఏళ్ళ తరబడి వాడి, తప్పులు పట్టి, ప్రతి మార్పు తర్వాతా పరీక్షలన్నీ మళ్ళీ నడిపే ఉమ్మడి కోడ్‌లో ఉండే దోషాల కంటే, ఒక్కరు ఒక వేసవిలో రాసిన కోడ్‌లో దోషాలు ఎక్కువే ఉంటాయి. ఇవి చాలావరకు ఓపెన్ సోర్స్ కాబట్టి, అనుమానం వచ్చినచోట లోపల ఏముందో చూడవచ్చు కూడా. నా అభ్యంతరం లైబ్రరీల మీద కాదు, అవి చెప్పేది అసలు సమీకరణం జవాబేనన్న నమ్మకం మీద.

ఆ నమ్మకాన్ని లైబ్రరీ రచయితలే ప్రోత్సహించడం లేదన్నది గమనించదగ్గ విషయం. జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో పుట్టి, 2007లో సంఖ్యాత్మక సాఫ్ట్‌వేర్‌కు ఇచ్చే విల్కిన్సన్ బహుమతిని తన రచయితలు బాంగర్త్, హార్ట్‌మన్, కాన్‌షాట్‌లకు తెచ్చిన డీల్ టూ అనే లైబ్రరీతో పాటు వరుస పాఠాలు వస్తాయి. మొదటి పాఠంలో మెష్ గీస్తారు, మూడో పాఠంలో మొదటి సమీకరణాన్ని సాధిస్తారు, ఆరో పాఠంలో దోషం ఎక్కువున్న చోట మెష్‌ను దానంతటదే సన్నబడేలా చేస్తారు. ఏడో పాఠం వచ్చేసరికి విద్యార్థిని కూర్చోబెట్టి, నీ జవాబు సరైనదని ఎలా తెలుసు అని అడుగుతారు. అక్కడ నేర్పే ఉపాయం చాలా సులువు. జవాబును ముందే మనం ఎంచుకుంటాం. దాన్ని సమీకరణంలో ప్రతిక్షేపించి, ఆ జవాబే రావాలంటే కుడివైపు ఏముండాలో లెక్కగడతాం. ఆ కుడివైపును లైబ్రరీకి ఇచ్చి, మనకు తెలిసిన జవాబు తిరిగి వస్తుందో లేదో చూస్తాం. సరళమైన రేఖీయ ఎలిమెంట్లతో, నునుపైన జవాబుకు, మెష్‌లోని ఎలిమెంట్ పరిమాణం సగమైన ప్రతిసారీ సగటు దోషం నాలుగో వంతుకు తగ్గాలి. సగానికే తగ్గితే ప్రోగ్రాములో ఎక్కడో పొరపాటు ఉంది, బొమ్మ ఎంత అందంగా ఉన్నా సరే. సమీకరణం ఎల్ ఆకారం మీద సరళమైన లాప్లాస్ సమీకరణమే (స్థిరపడిన ఉష్ణోగ్రత వంటివాటిని వర్ణించేదే) అయినా, మూల కారణంగా ఆ నాలుగు రెట్ల తగ్గుదల సుమారు రెండున్నర రెట్లకు పడిపోతుంది. ఆ రెండున్నర కూడా సిద్ధాంతం ముందే చెప్పిన అంకె. ఈ పరీక్షకు పట్టేది ఒక మధ్యాహ్నం.

ఇటీవలి లైబ్రరీలు వాడకాన్ని ఎంత తేలిక చేశాయంటే, ఆ మధ్యాహ్నం కూడా ఎందుకనిపిస్తుంది. 2003లో మొదలైన ఫీనిక్స్ ప్రాజెక్టులో సమీకరణపు దుర్బల రూపాన్ని (సమాకలనాలతో తిరగరాసిన రూపాన్ని) కాగితం మీద రాసినట్లే పైథాన్‌లో రెండు మూడు వరుసల్లో రాస్తే, దాని నుంచి వేగంగా నడిచే కోడ్‌ను యంత్రమే తయారుచేస్తుంది. నేను విద్యార్థిగా ఉన్నప్పుడు నెలల పని. దాన్ని చూసి సంతోషించని వాడు ఈ రంగంలో పనిచేసి ఉండడు. కానీ ఆ తేలికదనంలోనే ఒక మెలిక ఉంది. ఫోర్ట్రాన్ అనే పాత ప్రోగ్రామింగ్ భాషలో నెలల తరబడి రాసినవాడికి తన ప్రోగ్రాము మీద సహజంగానే అనుమానం ఉండేది. ప్రతి వరుసా తన చేతి తప్పు కావచ్చు. రెండు వరుసలు రాసినవాడికి ఆ అనుమానం రాదు. జిగట ప్రవాహాలకు వేగానికీ పీడనానికీ ఒకే రకం రేఖీయ ఎలిమెంట్లు ఎంచుకుంటే, వేరే సవరణలేవీ చేర్చనప్పుడు, పీడనం గళ్ళ చీర మాదిరి అర్థం లేకుండా ఊగిసలాడుతుందని పాఠ్యపుస్తకాల్లో ఉంటుంది. అయినా ఆ ఎంపికను రాయడానికి లైబ్రరీ అడ్డుచెప్పదు. అది పరిశోధన పనిముట్టు కాబట్టి అడ్డుచెప్పకూడదు కూడా.

కాబట్టి నా విన్నపం మీ పత్రికకూ, ఇలాంటి వ్యాసాలు రాసేవారికీ. అనుకరణ నుంచి వచ్చిన సంఖ్యను ముద్రించినప్పుడు దాని పక్కన మరో సంఖ్యను కూడా ముద్రించండి: మెష్‌ను రెట్టింపు సన్నగా చేస్తే అదే రాశి ఎంతయిందో. దానికి ఒక్క వరుస చోటు చాలు. ఏ లైబ్రరీ, ఏ వెర్షన్, సాల్వర్ ఎక్కడ ఆగింది అన్నవి ఇంకొక వరుసలో పడతాయి; అవి లేకపోతే ఆ లెక్కను మరొకరు తిరిగి చేసి చూడలేరు. ఇదంతా సామాన్య పాఠకుడికి ఎందుకని మీరు అడగవచ్చు. దశాంశ స్థానాలు మాత్రం ఎందుకు మరి? వాటిని ముద్రించినప్పుడు అవి ఎంతవరకు నిలుస్తాయో చెప్పడం కూడా ఆ ముద్రణలో భాగమేనని నా అభిప్రాయం.

వ్యాసకర్తను నేను అడగదలచినవి రెండే. బ్రాకెట్ మూల దగ్గర ఎలిమెంట్ పరిమాణం ఎంత? దాన్ని సగం చేసినప్పుడు మీకు వచ్చిన గరిష్ఠ ప్రతిబలం ఎంత? నా లెక్క ప్రకారం రెండో జవాబు, పత్రికలో వచ్చిన సంఖ్యకు 1.37 రెట్లకు దగ్గరగా ఉండాలి. అలా కాకుండా ఆ సంఖ్య మారకుండా నిలిస్తే, బొమ్మలో కనిపించనంత చిన్న గుండ్రదనం ఆ మూలలో ఉందని అర్థం. అప్పుడు పొరబడింది నేనే. ఆయన నుంచి జవాబు వస్తే, ఏదైనా సరే, ఇదే శీర్షికలో ప్రచురించగలరు.

భవదీయుడు,
సంఖ్యా విశ్లేషణ బోధించే ఒక పాఠకుడు